విత్తనాల షాపు బానే ఉంది, కానీ ఏ దోమో చెప్పలేదు

3 స్టార్లే ఇస్తున్నా. షాపు చెడ్డదేం కాదండీ, బిల్లు అడక్కుండానే ఇస్తాడు, లాట్ నంబర్ రాస్తాడు, అరువు కూడా పెడతాడు. గొడవంతా ఒక్క మాట దగ్గరే.

పోయిన సార్వాకి వెళ్లి, నిరుడు మా పక్క చేలకి టుంగ్రో అనే వైరస్ తెగులు వచ్చింది, దాన్ని తట్టుకునే వరి రకం ఇవ్వండి అన్నా. 1010 రకం విత్తనాల బస్తా చేతిలో పెట్టి "దోమకి ఢోకా లేదండీ" అన్నాడు. అబద్ధమనలేం, 1010కి దోమని తట్టుకుంటుందన్న పేరుంది. కానీ అది సుడిదోమ, దుబ్బు మొదట్లో చేరి రసం పీల్చేది. టుంగ్రోని మోసుకొచ్చేది పచ్చదీపపు పురుగు, అది వేరే. మనం అన్నిటినీ దోమే అంటాం కదా, ఆయనా అలాగే అనేశాడు.

ఊడ్చిన నెలకి ఆకులు కొసల నుంచి పసుపు, నారింజ రంగుకి తిరిగాయి, దుబ్బులు గిడసబారిపోయాయి, పిలకల్లేవు. షాపుకి ఫోన్ చేస్తే జింక్ లోపం అన్నాడు, సరే అని జింక్ సల్ఫేట్ కొట్టా, అదీ దండగే. చివరికి వ్యవసాయ శాఖ కుర్రాడొచ్చి తెల్లారకముందే ఆకు కొసలు కోయించి, అయోడిన్ నీళ్లలో పావుగంట నానబెట్టి కడిగితే నల్లటి నీలం చారలు కనిపించాయి, అంటే టుంగ్రోనే. ఈ తెగులు పట్టిన ఆకులో పిండిపదార్థం కిందికి దిగకుండా అక్కడే పేరుకుంటుందట, అందుకే ఆ రంగు.

నిజం చెప్పాలంటే బస్తాలో తప్పు లేదు, ఈ వైరస్ విత్తనంతో రాదు. పక్క చేలో దున్నకుండా వదిలేసిన దుబ్బులు మళ్లీ చిగిర్చి ఉన్నాయి, నాకైతే వాటి మీదే అనుమానం. పైగా కాలవ నీళ్లు ఆలస్యమై నేను లేటుగా ఊడ్చా.

ఇంకోటి, పురుగుని తట్టుకోవడం వేరు, వైరస్‌ని తట్టుకోవడం వేరు. పురుగుని మాత్రమే ఆపే రకమైతే కొన్నేళ్లకి ఆ పురుగే దానికి అలవాటు పడిపోతుంది, ఫిలిప్పీన్స్‌లో ఇర్రి (అంతర్జాతీయ వరి పరిశోధన సంస్థ) రకాలకి అదే అయ్యింది. మన రాజేంద్రనగర్ వరి పరిశోధన వాళ్లు టుంగ్రోని తట్టుకునేదని విక్రమార్య అనే రకం ఇచ్చారు కదా, అది ఉందా అని షాపాయన్ని అడిగితే "ఇప్పుడెవరు వేస్తున్నారండీ" అని నవ్వేశాడు. పోన్లే, పేరైనా విన్నాడు.

దాళ్వాకి మళ్లీ అక్కడికే వెళ్తా, అరువు ఇంకెవరిస్తారు. కాకపోతే ఈసారి దోమ అంటే ఏ దోమ అని అడిగి, బిల్లు వెనకాల రాయించుకుంటా. రాసిస్తే నాలుగో స్టార్ అప్పుడేస్తా.