నా ఎత్తుకు సమానమైన పార్క్ స్కీలు: ఆ తోకను మాత్రం వదులుకోను

జంపులు, రెయిళ్లు (మీద జారడానికి పెట్టిన ఇనుప కమ్మీలు) ఉండే స్కీ పార్క్‌లో ఆడుకోవడానికి గడ్డం దాకా వచ్చే స్కీలు చాలు అనేవాళ్లతో నాకు పడదు. నా ఎత్తు 172 సెంటీమీటర్లు, స్కీల పొడవు 171. కొన్ని శీతాకాలాలుగా రెయిళ్ల మీదా జంపుల మీదా ఇవే వాడుతున్నాను. అడుగు భాగమంతా గీతలు పడింది, పాదాల కింద ఎడ్జ్‌లు, అంటే పక్కనుండే ఉక్కు అంచులు, అరిగి గుండ్రబడ్డాయి. అయినా మార్చబుద్ధి కావడం లేదు. ఎందుకంటే వీటి వెనక భాగం, అంటే తోక, నన్ను ఒకసారి ఆదుకున్న తీరు అలాంటిది.

ఆ రోజు పొద్దున్న మంచు రాత్రి చలికి బిగుసుకుపోయి ఉంది. జంప్‌కు ముందున్న రనప్ గాజుపలకలా జారింది. లిప్, అంటే జంప్ పై అంచు, దగ్గరికి వచ్చేసరికి స్కీలు నాకన్నా ముందు వెళ్లిపోయాయి, నేను వెనక్కి ఒరిగాను. అనుకున్న 360 (డిగ్రీలు, అంటే ఒక పూర్తి చుట్టు) తిరగడం తిరిగాను కానీ, గాల్లో ఉండగానే పిక్కల ముందుభాగం బూటు నాలుకను వదిలేసిందని తెలుస్తూనే ఉంది. ముందుగా తోకలు దిగాయి. బూటు వెనక అంచు పిక్కకు గట్టిగా ఒత్తుకుంది, ఒక చేతి తొడుగు మంచును రాసుకుంది. ఇక వెల్లకిలా పడటమే అనుకుంటుండగా, కాళ్ల వెనక తోకలు విల్లులా వంగి, ఆ బరువును కాసేపు మోసి, నన్ను మళ్లీ పాదాల మీదకు నెట్టాయి. స్కీలు పక్కకు తిరగలేదు, నేరుగా సాగిపోయాయి. అంతకుముందు అద్దెకు వాడిన 161 మీద ఇలా దిగినప్పుడల్లా తోక చాలక కూలబడేవాడిని.

స్కీల మీద పొడవంటూ రాసిన అంకెను పూర్తిగా నమ్మలేం. 1998లో సాలమన్ కంపెనీ స్కీ టెన్‌ఎయిటీ వచ్చాక తోక కూడా పైకి వంగిన స్కీలు బాగా వాడుకలోకి వచ్చాయి. వీపు ముందుకు పెట్టి వెనక్కి దిగడం సులువైంది. అయితే రెండు కొనలూ పైకి లేచి ఉన్నప్పుడు మంచును తాకే భాగం ఆ అంకె కన్నా బాగా తక్కువ. పైగా ఒక్కో కంపెనీ కొలిచే పద్ధతి ఒక్కో రకం. బూటును స్కీకి పట్టి ఉంచే బైండింగ్ ఎక్కడ బిగించారన్నదీ ముఖ్యమే. నావి సరిగ్గా మధ్యలో ఉన్నాయి కాబట్టి ముందు ఎంతో వెనకా అంతే. బైండింగ్ బాగా వెనక్కి ఉంటే ఇదే 171లో నేను మెచ్చుకునే తోక ఉండదు.

పొడవైన స్కీలతో స్పిన్ ఏమీ నెమ్మదించదని తోటివాళ్లతో చాలాసార్లు వాదించాను. జంపుల విషయంలో, నేను చేసే 540 దాకా, ఆ మాట నిలుస్తుంది. గాల్లో సమయం ఉంటుంది కదా. రెయిల్ మీద నుంచి 270 తిరుగుతూ దిగాలంటే మాత్రం కొనల బరువు భుజాలకు తెలుస్తుంది. తిరుగుడు మొదలవడానికి క్షణం ఆలస్యం అవుతుంది, సాయంత్రానికి అలసట వస్తుంది. తిరిగే వేగానికి కొనల బరువే అసలు అడ్డంకి. పాదాల దగ్గర వంద గ్రాములు ఎక్కువైనా పట్టించుకోను కానీ, అవే కొన దగ్గర ఉంటే ప్రతి తిప్పులోనూ తెలుస్తాయి. కాబట్టి కొనలు తేలికైన పొడుగు స్కీలు, కొనలు బరువైన పొట్టి స్కీల కన్నా సులువుగా తిరగవచ్చు.

నేను 74 కిలోల మనిషిని, జంపులంటే ఇష్టం, వెనక్కి ఒరిగి దిగే అలవాటు ఇంకా పూర్తిగా పోలేదు. ఈ మూడూ ఉన్నవాళ్లకు తల దాకా ఉన్న పొడవు సరిపోవచ్చు. తేలికైన శరీరం ఉండి, రోజంతా రెయిళ్ల దగ్గరే గడిపేవాళ్లు అయిదారు సెంటీమీటర్లు తగ్గించుకున్నా నేను వాదించను. గడ్డం దాకా అంటేనే ఒప్పుకోను.