ముంబైలో సింఫనీ విన్నాం, కానీ ఆ లాడ్జి జోలికి మాత్రం పోకండి

ముంబై ఫోర్ట్ ఏరియాలో లాడ్జి బుక్ చేసేవాళ్లు ఫొటోలు చూసి నమ్మకండి. మేం ఆ ఊరు వెళ్లిందే ఒక్క సాయంత్రం పాశ్చాత్య సంగీత కచేరీ కోసం. ఆ కాస్తా మాకు దక్కకుండా చేయబోయింది ఆ లాడ్జి. అందుకే ముందు ఆ సంగతి చెబుతున్నాను.

నాతో వచ్చింది మా బాబాయి. డెబ్బైకి దగ్గర పడుతున్నారు. విజయనగరం సంగీత కళాశాలలో వయొలిన్ నేర్చుకున్న మనిషి. 1919లో మొదలైన ఆ కాలేజీ గురించి, వయొలిన్ విద్వాంసులు ద్వారం వెంకటస్వామినాయుడు గారి గురించి మాట్లాడమంటే భోజనం కూడా మర్చిపోతారు. అయినా పదుల మంది కలిసి వాయించే పాశ్చాత్య ఆర్కెస్ట్రాను ఎదురుగా కూర్చుని వినడం ఆయనకు ఎప్పుడూ కుదరలేదు. హైదరాబాద్ నుంచి హుస్సేన్‌సాగర్ ఎక్స్‌ప్రెస్‌లో థర్డ్ ఏసీ, మనిషికి సుమారు 1,200. ప్రయాణం హాయిగా సాగింది.

తెల్లవారకముందే ముంబై సీఎస్‌ఎంటీ స్టేషన్లో దిగాం. లాడ్జికి రాత్రికి 3,200 ముందే ఆన్‌లైన్‌లో కట్టాను. పొద్దున్నే వస్తామని ఫోన్ చేస్తే ఇంకో 500 ఇవ్వండి చాలన్నారు. తీరా వెళ్లాక కౌంటర్లో మేనేజరు 1,500 అన్నాడు. అదీ నగదే ఇవ్వాలి, రసీదు ఉండదట. ఫోన్లో అన్న మాట గుర్తు చేస్తే, "అయితే పన్నెండు దాకా రోడ్డు మీద కూర్చోండి" అని హిందీలో విసిరాడు. బాబాయి అప్పటికే గోడకు ఆనుకుని నిలబడ్డారు. ఆయన్ని చూసి 1,500 ఇచ్చేశాను.

గది చూస్తే ఇంకా ఘోరం. ఫొటోలో వీధివైపు పెద్ద కిటికీ ఉంది. మాకిచ్చిన గదికి అసలు కిటికీయే లేదు. ప్లైవుడ్ చెక్కతో ఒక గదిని రెండుగా చేశారు. పక్క గదిలో ఆయన ఫోన్లో మాట్లాడే ప్రతి మాటా మాకు వినిపిస్తోంది. ఏసీ రిమోట్ కౌంటర్లోనే ఉంటుందట, పగలు వెయ్యరట. పడుకున్న అరగంటకు బాబాయి లేచి కూర్చుని మెడ గోక్కుంటున్నారు. దుప్పటి ఎత్తితే నల్లులు. "ఒరే, సంగీతం మాట దేవుడెరుగు, నన్ను సాయంత్రం బండి ఎక్కించేయ్" అన్నారు. ఆ మాట నాకు నల్లుల కంటే ఎక్కువ బాధ కలిగించింది.

వెంటనే సామాను సర్దుకుని బయటపడ్డాం. చర్చ్‌గేట్ దగ్గర ఒక చిన్న గెస్ట్‌హౌస్‌లో 4,500కి గది దొరికింది. శుభ్రమైన పక్క, వేడినీళ్లు, అడక్కుండానే బిల్లు. బాబాయి మూడు గంటలు నిద్రపోయి మామూలు మనిషయ్యారు. ధోబీ తలావ్‌లోని పాత ఇరానీ కేఫ్ కయానీకి తీసుకెళ్లి బన్ మస్కా, టీ ఇప్పించాక నవ్వు కూడా వచ్చింది.

కచేరీ నారిమన్ పాయింట్‌లో ఎన్‌సీపీఏ అనే కళాకేంద్రం వారి జంషెడ్ భాభా థియేటర్లో. చర్చ్‌గేట్ నుంచి టాక్సీకి యాభై రూపాయల చిల్లర అయింది. హాలులో 1,109 సీట్లు ఉన్నాయి. కడుతుండగా 1997లో నిప్పంటుకుని చాలా భాగం కాలిపోతే, మళ్లీ పూర్తిచేసి 1999లో తెరిచారు. వాయించేది సింఫనీ ఆర్కెస్ట్రా ఆఫ్ ఇండియా. 2006లో పెట్టారు. ఇక్కడి వాళ్లతో పాటు సీజన్‌కి విదేశాల నుంచి కూడా కళాకారులు వస్తారు. ప్రపంచ ప్రసిద్ధ ఆర్కెస్ట్రా కండక్టర్ జుబిన్ మెహతా పుట్టిన ఊరిలో ఇలాంటి ఆర్కెస్ట్రా నిలబడటానికి అంతకాలం పట్టింది.

నేను తీసుకున్నవి బాల్కనీ టికెట్లు, ఒక్కోటి 800. ముందు వరసలు దీనికి నాలుగైదు రెట్లు. నా మాట వినండి, ముందు వరసలకు డబ్బు తగలెయ్యకండి. అక్కడ కూర్చుంటే మొదటి వయొలిన్ల వాళ్లే కనిపిస్తారు, వెనకాల ఊదేవాళ్లు, డప్పులవాళ్లు కనిపించరు. బాల్కనీ నుంచి స్టేజీ మొత్తం కనిపిస్తుంది, శబ్దం కూడా అంతా కలిసి పైకి వస్తుంది. ఆలస్యంగా వచ్చినవాళ్లను మధ్యలో లోపలికి పంపలేదు, విరామం దాకా ఆపారు. నాకు చాలా నచ్చింది.

ముందు ఓబో అనే ఊదే వాద్యం ఒక స్వరం పట్టింది. దానికి అందరూ శ్రుతి చేసుకున్నారు. "తంబూరా లేదు, అయినా ఆ ఒక్క స్వరం మీద ఇంతమంది నిలబడ్డారు చూడు" అన్నారు బాబాయి. ఆ తర్వాత కమాన్లన్నీ ఒకేసారి పైకి, ఒకేసారి కిందికి కదులుతుంటే ఆయన రెప్పవేయలేదు.

మొదటి సగం బీథోవెన్ వయొలిన్ కాన్చెర్టో, అంటే ఒక ప్రధాన వయొలిన్, దానికి తోడు ఆర్కెస్ట్రా వాయించే రచన, 1806 నాటిది. టింపనీ అనే పెద్ద డప్పుల మీద అయిదు మెత్తటి దెబ్బలతో మొదలవుతుంది. ఆ తర్వాత చాలాసేపు ఆర్కెస్ట్రాయే వాయిస్తుంది, ప్రధాన వయొలిన్ ఆగి వింటూ నిలబడుతుంది. ఒకచోట మిగతా అందరూ ఆపేసి ఒక్క వయొలిన్‌కే దారి వదిలేస్తారు, దాన్నే కాడెంజా అంటారు. అప్పుడు బాబాయి వేళ్లు ఒళ్లో కదులుతూనే ఉన్నాయి. విరామంలో ఇరవై నిమిషాలూ ఆయన మాట్లాడింది ఆ ప్రధాన వయొలిన్ వాయించినవాళ్ల ఎడమచేతి గురించే. మనవాళ్లు నేల మీద కూర్చుని వయొలిన్‌ను పాదం మీద ఆనించి వాయిస్తారు. ఇక్కడ గడ్డం కింద నొక్కిపట్టి నిలబడే వాయిస్తున్నారు. చెయ్యి పైస్థాయికి ఎలా జరుగుతోందో ఆయన గాల్లో వాయించి చూపించారు. పక్క సీట్లోని పార్సీ పెద్దావిడ ఆసక్తిగా చూసి, మీరూ వాయిస్తారా అని అడిగితే, వెళ్లేదాకా ఇద్దరూ కబుర్లే.

రెండో సగం చెక్ స్వరకర్త ద్వోర్జాక్ తొమ్మిదో సింఫనీ, అంటే ఆర్కెస్ట్రా అంతా కలిసి వాయించే నాలుగు భాగాల పెద్ద రచన. అమెరికాలో ఉండగా రాశాడు, 1893 డిసెంబరులో న్యూయార్క్‌లో మొదట వాయించారు. "ద్వారం వారు పుట్టిన ఏడాది!" అన్నారు బాబాయి. ఆ మాట మా ముందు రెండు వరసలకు వినిపించి ఉంటుంది. రెండో భాగంలో ఇంగ్లీష్ హార్న్ (ఓబో లాంటిదే, స్థాయి కాస్త తక్కువ) ఒక్కటే ఒక పాట ఎత్తుకుంటుంది. గ ప ప గ రి స, రి గ ప గ రి. బాబాయి నా మోచెయ్యి పట్టుకుని "మోహన" అన్నారు, మన మోహన రాగంలా ఉందని. కాసేపటికి పాటలో, మోహనలో ఉండని నిషాదం (ని) తగలగానే తల అడ్డంగా ఊపి, "కాదు, నిషాదం వేశాడు" అని తనే దిద్దుకున్నారు. కళ్లు మాత్రం తడిగా ఉన్నాయి.

ఈ సింఫనీ వినబోయేవాళ్లు రెండు చూడండి. ట్యూబా (పెద్ద ఇత్తడి బాకా) ఆయన ఆ రెండో భాగంలో కొద్ది స్వరాలు వాయించి మిగతా అంతా ఊరికే కూర్చుంటాడు. సింబల్స్ (పెద్ద తాళాలు) మొత్తం మీద ఒక్కసారే, అదీ చివరి భాగంలో, మెల్లగా. బాల్కనీ నుంచి ఆ సింబల్స్ వాయించే ఆయన సిద్ధపడటం చూస్తే మనకే టెన్షన్ వచ్చేస్తుంది. భాగానికీ భాగానికీ మధ్య చప్పట్లు కొట్టకండి, ఆర్కెస్ట్రాను నడిపించే కండక్టర్ మనవైపు తిరిగేదాకా ఆగండి.

సీజన్లు సాధారణంగా ఏడాదికి రెండు, ఫిబ్రవరి చుట్టూ ఒకటి, సెప్టెంబరు చుట్టూ ఒకటి. బాల్కనీ సీట్లే త్వరగా అయిపోతాయి కాబట్టి టికెట్లు దొరికాకే రైలు చూసుకోండి. లాడ్జి మీద జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫిర్యాదు చేశాను. కొన్ని వారాలకు బుకింగ్ యాప్ వాళ్లు 3,200 వెనక్కి వేశారు. రసీదు లేని ఆ 1,500 మాత్రం రాలేదు.