పుస్తకాల పనికి జీమెయిల్: చాలా ఏళ్ల వాడకం తర్వాత నా సమీక్ష

తెలుగు పుస్తకాల అనువాదం, ప్రూఫుల (అచ్చుకు ముందు సరిచూసే పేజీల) దిద్దుబాటు నా వృత్తి. ప్రచురణకర్తది ఒక ఊరు, డీటీపీ (కంప్యూటర్‌లో పేజీలు కూర్చే పని) చేసేవారిది మరో ఊరు, ముఖచిత్రం వేసేవారు ఇంకెక్కడో ఉంటారు. మా మధ్య పనంతా జీమెయిల్, వాట్సాప్, ఫోను మీదే నడుస్తుంది. ఈ మూడింటినీ ఏళ్ల తరబడి రోజంతా వాడుతున్నాను. నా అభిప్రాయం ముందే చెబుతాను: ఏ నిర్ణయమైనా ఈమెయిల్‌లోనే ఉండాలి. ‘మెయిల్ పంపాను, చూడండి’ అని చెప్పడానికి వాట్సాప్ చక్కగా పనికొస్తుంది. అంతకు మించి దాని మీద ఆధారపడితే దెబ్బతినేది పుస్తకమే.

ఎర్ర ఇంకుతో దిద్దిన ప్రూఫు పేజీని ఫొటో తీసి వాట్సాప్‌లో పెట్టడం ఇప్పుడు చాలామందికి అలవాటు. వాట్సాప్ మామూలుగా ఫొటోను కుదించి పంపుతుంది. తెలుగులో ‘ప్రదానం’, ‘ప్రధానం’ అనే మాటలకు మధ్య తేడా ఒక చిన్న గీత. ‘అవస్త’ను ‘అవస్థ’గా దిద్దితే మారేది కింద ఉన్న వత్తు ఒక్కటే. మసకబారిన ఫొటోలో ఇవి ఎవరికి కనిపిస్తాయి? డీటీపీ చేసేవారు ఊహించి కొడతారు, ఒక తప్పు పోయి ఇంకొకటి వస్తుంది. తప్పనిసరైతే ఫొటోగా కాకుండా డాక్యుమెంటుగా పంపండి, అప్పుడు కుదింపు ఉండదు. నేను మాత్రం మెయిల్‌లోనే టైపు చేస్తాను: ‘47వ పేజీ, 3వ పేరా, 2వ పంక్తి: ప్రదానం తీసి ప్రధానం పెట్టండి.’ దీనికి సమయం ఎక్కువే పడుతుంది. అయినా రెండో ప్రూఫు వచ్చినప్పుడు ఏది దిద్దారో, ఏది మిగిలిందో వరుసగా సరిచూసుకోవచ్చు.

డీటీపీలో వాడే, యూనికోడ్ కాని ‘అను’ అనే ఫాంట్లలో కూర్చిన పాఠాన్ని మెయిల్‌లో అతికిస్తే ఇంగ్లిష్ అక్షరాలు, గుర్తుల గందరగోళంగా మారిపోతుంది. అందుకే అసలు ఫైలుతో పాటు పీడీఎఫ్ కూడా పంపమని మొదటి ఉత్తరంలోనే అడుగుతాను.

జీమెయిల్‌లో నాకు అన్నిటికన్నా విలువైనది వెతుకులాట. యూనికోడ్‌లో, అంటే ఫోన్లలోనూ కంప్యూటర్లలోనూ అంతటా చదవగలిగే అక్షర పద్ధతిలో, రాసిన తెలుగు మాటలతో ఎప్పటి ఉత్తరమైనా దొరుకుతుంది. ఇక్కడ మన భాషకు సంబంధించిన చిక్కు ఒకటి ఉంది. జీమెయిల్ మాటను మాటగానే వెతుకుతుంది కాబట్టి ‘సంపుటి’ అని వెతికితే ‘సంపుటికి’, ‘సంపుటిలో’ అని ఉన్నవి తరచుగా తప్పిపోతాయి. కనుక సబ్జెక్టులో పుస్తకం పేరును విభక్తి చేర్చకుండా రాయాలి: ‘కథల సంపుటి – రెండో ప్రూఫు – 15వ తేదీలోగా కావాలి’. పేరు, దశ, గడువు ఈ మూడూ ఉంటే చాలు. ‘నమస్తే’, ‘అర్జెంట్’ అనే సబ్జెక్టులతో వచ్చే ఉత్తరాలు ఆ రోజుకు పని చేస్తాయేమో గానీ ఆరు నెలల తర్వాత ఎవరికీ దొరకవు. పాత ఉత్తరానికి జవాబుగా కొత్త పుస్తకం సంగతి ఎత్తుకోవడం కూడా అలాంటిదే, అది పాత వరుసలో కలిసిపోతుంది.

అటాచ్‌మెంట్ పరిమితి 25 ఎంబీ. బొమ్మల పుస్తకమైతే అది చాలదు, ఫైలును గూగుల్ డ్రైవ్‌లో పెట్టి దాని లింకు పంపక తప్పదు. లింకు పంపేటప్పుడు అవతలివారికి చూసే అనుమతి ఇచ్చారో లేదో సరిచూసుకోవాలి, లేకపోతే సగం రోజు అనుమతి అడగడంతోనే గడిచిపోతుంది. పైగా లింకు వెనకున్న ఫైలు తర్వాత మారిపోవచ్చు, అటాచ్ చేసినది మారదు. అందువల్ల ఇంకా మార్పులు జరుగుతున్న ప్రతికి లింకు, ముద్రణకు వెళ్లే తుది ప్రతికి అటాచ్‌మెంట్ అన్నది నా పద్ధతి.

పంపిన ఉత్తరాన్ని వెనక్కి తీసుకునే గడువు మొదట 5 సెకన్లే ఉంటుంది. సెట్టింగుల్లో దాన్ని 30కి మార్చుకోండి. రాత్రి రాసిన ఉత్తరం పొద్దున చేరేలా సమయం పెట్టే వీలు 2019లో వచ్చింది. అర్ధరాత్రి ఎదుటివారి ఫోను మోగించకుండా పని చేసుకునే ఈ సౌకర్యాన్ని నేను మనసారా మెచ్చుకుంటాను.

ఈమెయిల్ చేయలేని పని కూడా ఉంది. రచయితతో ‘ఈ అధ్యాయం నిలబడలేదండీ’ అని చెప్పాల్సి వస్తే ఫోనే చేయాలి. అదే మాట ఉత్తరంలో రాస్తే చదివేవారు తమకు తోచిన గొంతుతో చదువుకుంటారు, ఎక్కువసార్లు అది కోపంగానే వినిపిస్తుంది. పారితోషికం సంగతి దీనికి సరిగ్గా తిరగబడుతుంది. ఫోనులో కుదిరిన రేటును వెంటనే ‘ఇప్పుడు మనం అనుకున్న ప్రకారం’ అంటూ మెయిల్ చేసి, ‘సరే’ అనే జవాబు తెప్పించుకోవాలి. 2000 నాటి సమాచార సాంకేతిక చట్టం ఎలక్ట్రానిక్ రికార్డులకు చట్టపరమైన గుర్తింపు ఇచ్చింది. వివాదం దాకా వెళ్లాల్సిన అవసరం కూడా ఉండదు, రాతలో ఉన్న రేటును మరిచిపోయేవారు తక్కువ.

ఉచితంగా ఇచ్చే 15 జీబీ చోటును డ్రైవ్, ఫొటోలు కూడా పంచుకుంటాయి. అది నిండితే కొత్త ఉత్తరాలు రావు. పుస్తకం అచ్చయ్యాక తుది పీడీఎఫ్‌ను హార్డ్ డిస్కులోకి ఎక్కించి, మధ్య ప్రూఫులు వచ్చిన బరువైన మెయిళ్లు తీసేస్తాను. దిద్దుబాట్లు రాసిన మెయిళ్లు ఉత్త అక్షరాలే, చోటు పెద్దగా తీసుకోవు. మలి ముద్రణ సమయంలో ప్రచురణకర్త మొదట అడిగేది వాటినే.