మోనోసైఫర్: ఓఎస్ లేని బోర్డుల మీద చాలాకాలం వాడాక

ఓఎస్ లేని మైక్రోకంట్రోలర్‌లో (పరికరాల్లో ఉండే చిన్న కంప్యూటర్ చిప్) క్రిప్టో, అంటే సందేశాలను రహస్యంగా ఉంచే కోడు, పెట్టాలంటే తలనొప్పి అల్గారిథంతో కాదు, లైబ్రరీ అడిగే సరంజామాతో. ఒకదానికి మాలోక్ (నడిచేటప్పుడు మెమరీ తెచ్చిచ్చే ఫంక్షన్) కావాలి, ఇంకోదానికి గడియారం, మరోదానికి ఫైల్ సిస్టమ్. మోనోసైఫర్ అనే చిన్న క్రిప్టో లైబ్రరీకి ఇవేవీ అక్కర్లేదు. ఒక సీ ఫైలు, ఒక హెడర్ ప్రాజెక్టులో పడేస్తే చాలు. పాస్‌వర్డ్ నుంచి కీ తీసే ఆర్గాన్2కి కావలసిన మెమరీని కూడా మనమిచ్చిన బఫర్‌లోనే సర్దుకుంటుంది. ఈ ఒక్క గుణానికే దీన్ని వదలబుద్ధి కాదు.

అయితే రాండమ్ నంబర్లు మాత్రం మనమే తెచ్చివ్వాలి. దెబ్బ తగిలేది అక్కడే. మా బోర్డులో చిప్‌తో వచ్చిన డ్రైవర్, నంబరు సిద్ధమైందని చెప్పే రెడీ బిట్ చూడకుండానే రాండమ్ రిజిస్టర్ చదివేసేది. బూట్ కాగానే, ఆ బ్లాకుకి క్లాక్ అందకముందే పిలిస్తే వచ్చేవన్నీ సున్నాలే. అంటే రీసెట్ అయిన ప్రతిసారీ మొదటి ప్యాకెట్ నాన్స్ (ప్రతి సందేశానికీ కొత్తగా ఉండాల్సిన నంబరు) 24 బైట్లూ సున్నాలే. అయినా ఇవతల లాక్ అవుతుంది, అవతల అన్‌లాక్ అవుతుంది, సందేశం మారలేదని చూపే 16 బైట్ల మ్యాక్ సరిపోలుతుంది, టెస్టులన్నీ పాసవుతాయి. రెండు బూట్ల సీరియల్ లాగ్‌లు పక్కపక్కన పెట్టి చూస్తే తప్ప బయటపడదు. ఒకే కీతో అదే నాన్స్ మళ్లీ వాడితే, రెండు సైఫర్‌టెక్స్ట్‌లను (లాక్ అయిన సందేశాలను) ఎక్సార్ చేసినవాడికి, అంటే బిట్టుకు బిట్టు తేడా తీసినవాడికి, అసలు సందేశాల ఎక్సార్ దొరికిపోతుంది. మ్యాక్ లెక్కకట్టే పాలీ1305 కీ కూడా అదే వస్తుంది కాబట్టి దొంగ ప్యాకెట్లకీ దారి తెరుచుకుంటుంది.

ఇప్పుడు రెడీ బిట్ కోసం హద్దున్న లూప్ పెట్టాం. గడువు దాటినా, వరుసగా రెండు 32 బిట్ల వర్డులు ఒకటే వచ్చినా బూట్ ఆగిపోవాల్సిందే. 64 వర్డులు బ్లేక్2బీ అనే హ్యాష్‌లో వేసి 32 బైట్ల సీడ్ (రాండమ్ నంబర్లకు మూల విలువ) తీస్తాం, అదే నంబర్లు పుట్టించే చాచా20 సైఫర్‌కి కీ. ప్రతిసారీ 64 బైట్లు పుట్టించి, మొదటి 32ని పాత కీ మీద రాసేసి, మిగిలిన 32 మాత్రమే వాడతాం. హార్డ్‌వేర్ జనరేటర్ లేని చిప్ అయితే తయారీ దశలోనే బోర్డుకొక సీడ్ ఫ్లాష్‌లో రాయాలి. ప్రతి బూట్‌లో దాన్నుంచి కొత్త సీడ్ తీసి, ముందు దాన్ని ఫ్లాష్‌లో రాశాకే నంబర్లు ఇవ్వాలి. ఈ వరుస తిరగబడితే, మధ్యలో కరెంటు పోయినప్పుడు పాత నంబర్లే మళ్లీ వస్తాయి. ర్యామ్‌లో ఉండే చెత్త విలువల్ని నమ్ముకోవద్దు, కరెంటు పోకుండా జరిగే వార్మ్ రీసెట్‌లో అవి మారవు.

స్టాక్ (ఫంక్షన్లు తాత్కాలికంగా వాడే మెమరీ) ఎంత పడుతుందో కూడా కొలుచుకోండి. మొత్తాన్ని ఒకే బైటుతో నింపి, డిజిటల్ సంతకం తనిఖీ అయ్యాక ఎంతవరకు చెరిగిందో చూస్తే తెలుస్తుంది. ఆ తనిఖీని ఇంటరప్ట్‌లోంచి (నడుస్తున్న పనిని ఆపి మధ్యలో దూరే కోడు) మాత్రం పిలవకండి.

రెండు చివరలూ మా కోడే కాబట్టి మాకు ఇది సరిపోయింది. మామూలు వెబ్ సర్వర్‌తో మాట్లాడాలంటే దానికి కావలసిన టీఎల్‌ఎస్ (వెబ్‌లో వాడే భద్రతా పద్ధతి) ఇందులో లేదు. ఏఈఎస్ అనే సైఫర్ కూడా లేదు, చిప్‌లో దానికి హార్డ్‌వేర్ ఉన్నా ఖాళీగా ఉండాల్సిందే. రహస్యాన్ని బట్టి సమయం మారదన్న భరోసా (మారితే ఆ సమయం కొలిచి రహస్యం ఊహించొచ్చు) కూడా కార్టెక్స్-ఎం4 ప్రాసెసర్ మీద ఉన్నంత ఎం3 మీద లేదు. ఎం3లో 64 బిట్ల ఫలితమిచ్చే గుణకారానికి పట్టే సైకిళ్లు విలువల్ని బట్టి మారతాయి. బోర్డు పరాయివాళ్ల చేతికి చిక్కే చోట ఎం3 మీద దీన్ని పెట్టడానికి నేనైతే వెనకాడతాను.