కొండపల్లి అడవి: క్లాసు పిల్లల్ని తీసుకెళ్లడానికి ఐదుకి నాలుగు మార్కులు

బెజవాడ నుంచి గొల్లపూడి, ఇబ్రహీంపట్నం మీదుగా వెళ్తే పొద్దున పూట బస్సులో గంట లోపే. అయినా చాలా స్కూళ్లు ఖిల్లా ఎక్కి, గ్రూపు ఫొటో దిగి, పులిహోర తిని తిరిగొచ్చేస్తాయి. అడవిని చూసినట్టే కాదు అది.

ముందు కొండపల్లి బొమ్మలకి చెక్క ఇచ్చే తెల్ల పొణికి చెట్టు, తర్వాత ఖిల్లా, చివర్లో ఆ బొమ్మలు చేసేవాళ్ల కాలనీ. ఈ వరస మార్చొద్దు. బొమ్మల కోసం కొట్టీ కొట్టీ పొణికి పలచబడిపోయింది, కాబట్టి ఎక్కడుందో ఫారెస్టు సిబ్బందిని ముందే కనుక్కోవాలి. రిజర్వు ఫారెస్టు కనుక లోపలికి అడుగు పెట్టడానికి వాళ్ల అనుమతి ఎలాగూ కావాలి. దీని ఆకు తమలపాకు ఆకారంలోనే ఉంటుంది కానీ ఇంకా వెడల్పు. తిరగేస్తే అడుగున తెల్లటి నూగు, వేలితో రాస్తే మఖమల్ గుడ్డలా తగులుతుంది. ప్రతి పిల్లాడి చేతా, పిల్ల చేతా రాయించండి. కాలనీకి వెళ్లాక అదే చెట్టు చెక్కముక్క అరచేతిలో పెడితే బరువే తెలియదు. చింతగింజల పిండి, రంపపు పొట్టు కలిపిన మక్కుతో ఏనుగుకి తొండం అతికిస్తుంటే, ఆ చెట్టే ఎందుకు కావాలో టీచరు నోరు విప్పక్కర్లేదు.

వానలు తగ్గిన అక్టోబరు చివర, నవంబరు మంచి రోజులు. ఎండాకాలం వెళ్తే పొణికి ఆకు రాల్చి మోడుగా ఉంటుంది.

రేగు కొమ్మ దగ్గర తప్పక ఆగండి. జంటముళ్లలో ఒకటి నిటారు, ఒకటి కొక్కెం. గుచ్చుకున్న చొక్కాని లాగితే చిరుగుతుంది, వెనక్కి తోస్తే వదులుతుంది. నల్లేరు తీగని పట్టుకుని నాలుగు పలకలూ లెక్కపెట్టనివ్వండి. గురివింద గింజలు మాత్రం నోటి దాకా పోకూడదు, కొరికితే విషం.

తేడా కొట్టేది ఎక్కువగా దూలగొండి తీగ దగ్గరే. ఎండిన కాయ నూగు చర్మంలో గుచ్చుకుని మంట, దురద. రుద్దితే ఇంకా లోపలికి దిగుతుంది. సెల్లోటేపు అంటించి పీకేసి, తర్వాత సబ్బుతో కడగాలి. అందుకే టేపు, ఫుల్ ప్యాంటు, సాక్సుతో బూట్లు తప్పనిసరి. రాళ్ల సందుల్లో చేతులు పెట్టనివ్వొద్దు.

పదిమంది పిల్లలకి ఒక టీచరు, తలకి లీటరున్నర నీళ్లు. ఏడున్నరకల్లా కొండ దగ్గరుంటే పదకొండుకి దిగిపోవచ్చు. ఆ తర్వాత రాళ్లు కాలి, పిల్లలు చెట్టు చూడ్డం మానేసి నీడ వెతుక్కుంటారు. ఒక మార్కు తగ్గించింది ఈ ఎండకే.