ఇంటి నుంచి ఆఫీసు కంప్యూటర్: నేరుగా ఆర్‌డీపీయా, ఎనీడెస్కా, వీపీఎన్నా?

టాలీ ఉన్న ఆఫీసు కంప్యూటర్‌ను ఇంటి నుంచి వాడాలంటే మన ఆడిట్ ఆఫీసులు, చిన్న వ్యాపారాలు ఎక్కువగా మూడు దారులు పడుతుంటాయి. రౌటర్‌లో 3389 పోర్టు (బయటి ఇంటర్నెట్ నుంచి ఆర్‌డీపీకి వచ్చే ద్వారం) తెరిచి విండోస్ రిమోట్ డెస్క్‌టాప్ (ఆర్‌డీపీ) నేరుగా వాడటం ఒకటి. దూరం నుంచి కంప్యూటర్‌ను నడిపే ఎనీడెస్క్, టీమ్‌వ్యూయర్ లాంటి యాప్‌లు పెట్టుకోవడం రెండోది. ముందు వీపీఎన్‌లోకి (ఇంటి నుంచి ఆఫీసు నెట్‌వర్క్‌కు వేసుకునే రహస్య దారి) వెళ్లి, ఆ తర్వాత ఆర్‌డీపీ తెరవడం మూడోది.

మొదటిది వద్దే వద్దు. 2019 మేలో ఆర్‌డీపీలో బయటపడిన బ్లూకీప్ అనే లోపం చాలు, ఎందుకో అర్థం కావడానికి. విండోస్ 7, సర్వర్ 2008 లాంటి వాటిలోకి పాస్‌వర్డ్ తెలియకుండానే, లాగిన్ కాకుండానే చొరబడే వీలుండేది. ఎప్పుడో సపోర్ట్ ఆపేసిన ఎక్స్‌పీకి కూడా మైక్రోసాఫ్ట్ ప్యాచ్ (లోపాన్ని సరిచేసే అప్‌డేట్) ఇవ్వాల్సి వచ్చింది. అదే ఏడాది ఆగస్టులో అలాంటి లోపాలే విండోస్ 10లోనూ దొరికాయి. ప్యాచ్‌లన్నీ వేసుకున్నా, తెరిచిన పోర్టు మీద పాస్‌వర్డ్‌లు ఊహిస్తూ ప్రోగ్రాములు రాత్రింబవళ్లు తలుపు తడుతూనే ఉంటాయి. పోర్టు నంబరు మారిస్తే సరిపోతుందని కొందరు టెక్నీషియన్లు చెబుతారు. స్కాన్ చేసేవాళ్లు మిగతా పోర్టులూ వెతుకుతారు కాబట్టి అది రక్షణ కాదు.

ఎనీడెస్క్ లాంటివాటికి రౌటర్‌లో ఏమీ తెరవక్కర్లేదు. అది నిజంగా మేలే. కానీ కంపెనీని నమ్మాలి. 2024 ఫిబ్రవరిలో తమ సిస్టమ్‌లలోకి ఎవరో చొరబడ్డారని ఎనీడెస్క్ ప్రకటించి, తమ సాఫ్ట్‌వేర్ అసలైనదేనని చూపే సర్టిఫికెట్లు మార్చింది. అదే ఏడాది జూన్‌లో టీమ్‌వ్యూయర్ కార్పొరేట్ నెట్‌వర్క్‌లోకి చొరబాటు జరిగింది. కస్టమర్ల డేటాకు ఏమీ కాలేదని ఆ కంపెనీ చెప్పింది. సొంత సర్వర్ పెట్టుకుంటే భద్రం అనుకునేవాళ్లు అలాంటిదే అయిన స్క్రీన్‌కనెక్ట్ సంగతి చూడాలి. 2024 ఫిబ్రవరిలో దొరికిన లోపానికి తీవ్రత పదికి పది. సెటప్ పేజీని మళ్లీ తెరిపించి ఎవరైనా కొత్త అడ్మిన్ అయిపోవచ్చు. క్లౌడ్‌లో ఉన్నవాటిని కంపెనీయే సరిచేసింది, సొంత సర్వర్లవాళ్లు తామే అప్‌డేట్ చేసుకోవాల్సి వచ్చింది.

ఇక ఏ ప్యాచ్‌కీ లొంగని ప్రమాదం ఇంకొకటుంది: బ్యాంకు నుంచి అంటూ ఫోన్ చేసి యాప్ వేయించేవాళ్లు. ఎనీడెస్క్‌తో జరిగే ఇలాంటి మోసాల గురించి ఆర్‌బీఐ 2019లోనే హెచ్చరించింది.

రోజూ పనిచేసే ఆఫీసుకు నా ఓటు మూడో దారికే, అందులోనూ వైర్‌గార్డ్ అనే వీపీఎన్‌కు. సరైన కీ లేనివాళ్లకు అది బదులే ఇవ్వదు, కాబట్టి స్కాన్ చేసేవాడికి అక్కడ ఏదో ఉందన్న సంగతే తెలియదు. వీపీఎన్ పరికరాలకూ లోపాలు వచ్చాయి, ఫోర్టినెట్ అనే కంపెనీ పరికరాల్లోవి ఎన్నో ఆఫీసులను ఇబ్బంది పెట్టాయి, అందుకే అప్‌డేట్లు ఇక్కడా తప్పవు. మన బ్రాడ్‌బ్యాండ్ కనెక్షన్లలో చాలావాటికి పబ్లిక్ ఐపీ (బయటి నుంచి నేరుగా చేరగలిగే ఇంటర్నెట్ చిరునామా) రాదు. అప్పుడు మారని చిరునామా, అంటే స్టాటిక్ ఐపీ, అడిగి తీసుకోవాలి, లేదా అది లేకుండానే పనిచేసే టెయిల్‌స్కేల్ లాంటి వీపీఎన్ సేవ వాడాలి.

అమెరికాలో ఉండి విజయవాడలోని అమ్మానాన్నల ల్యాప్‌టాప్‌ను అప్పుడప్పుడు సరిచేసేవాళ్లకు మాత్రం ఇంత హంగామా అక్కర్లేదు, ఎనీడెస్క్ సరిపోతుంది. అటువైపు మనిషి ఒప్పుకుంటేనే కనెక్ట్ అయ్యేలా పెట్టండి, పనయ్యాక యాప్ తీసేయించండి.

ఆఫీసువాళ్లు మాత్రం ఈరోజే రౌటర్‌లో పోర్ట్ ఫార్వర్డింగ్ పేజీ తెరవండి. ఎప్పుడో ఎవరో పెట్టి వదిలేసిన 3389 కనబడితే, వీపీఎన్ సిద్ధమయ్యేదాకా ఆగకుండా ముందు దాన్ని తీసేయండి.