పొద్దున్నే పెడితే పరామర్శకు వస్తారు: ఘంటసాల భగవద్గీతతో 22 ఏళ్లు

ఒక ఆదివారం పొద్దున ఆరింటికి ఈ క్యాసెట్ పెట్టాను. రెండిళ్ల అవతలి తాతగారు తువ్వాలు భుజాన వేసుకుని, చెప్పులైనా తొడుక్కోకుండా వచ్చి మా గుమ్మం ముందు నిలబడ్డారు. "ఎప్పుడు పోయారమ్మా?" అన్నారు గొంతు తగ్గించి. ఆయన అడుగుతున్నది మా అత్తగారి గురించి, ఆ మాట ఆవిడ చెవినే పడింది. ఆవిడ కాఫీ గ్లాసుతో బయటికి వచ్చి, "ఇంకా లేదన్నయ్యా, వచ్చారు కదా, కాఫీ తాగి వెళ్లండి" అన్నారు.

ఈ రికార్డు మీద నాకున్న పెద్ద ఫిర్యాదు ఇదే. అది రికార్డు చేసిన తప్పు కాదని తెలుసు, అయినా కోపం పోదు. యుద్ధభూమిలో దిగాలుపడి కూర్చున్న మనిషిని లేపి నిలబెట్టడానికి చెప్పిన మాటలను, ఇక ఎన్నటికీ లేవని మనిషి పక్కన మాత్రమే వినిపించాలని తెలుగువాళ్లం ఎప్పుడు తీర్మానించుకున్నామో! ఒడిశాలో, ఆంధ్ర సరిహద్దును ఆనుకుని ఉన్న మా పర్లాకిమిడి వీధిలో తెలుగిళ్లూ ఒడియా ఇళ్లూ సగం సగం. పక్కింటి ఒడియా మావుసీకి (మావుసీ అంటే పిన్ని) ఈ గొంతు వింటే చావు గుర్తుకు వచ్చేది కాదు, పొద్దుటి పాటగానే వినేవారు. పదేళ్లు మా మధ్య ఉన్నాక ఆవిడా నేర్చుకున్నారు. ఇప్పుడు ఇది మొదలైతే కిటికీలోంచి తల పెట్టి, ఇంట్లో అందరూ ఉన్నారో లేదో లెక్క చూసుకుని వెళతారు.

పాడినదెవరో, ఏ రాగాలో, ఆయన పోయాక విడుదలై ఎన్ని ఇళ్లకు చేరిందో తెలియనివారు ఉండరు కాబట్టి అవన్నీ వదిలేస్తున్నాను. నేను రాయదలచింది శ్లోకం తరువాత వచ్చే తాత్పర్యం గురించి. విజయనగరం సంగీత కళాశాలలో చదువుకున్న గాయకుడు పాట ఆపి, మామూలుగా మాట్లాడే చోటు గురించి. పాటను మెచ్చుకునేవారే అందరూ. ఆ మాటను మెచ్చుకున్నవారు నాకు ఇంతవరకు తగల్లేదు.

నేను ఆంధ్ర వైపున్న పాతపట్నం పిల్లను. సరిహద్దు దాటితే అత్తవారిల్లు, సరిహద్దుకు అవతల పుట్టిల్లు. 2003లో కాపురానికి వచ్చినప్పుడు అమ్మ ఇచ్చిన సామానులో ఈ క్యాసెట్ ఉంది. మొదటి నాలుగైదేళ్లు నేను విన్నదానికంటే అత్తగారు విన్నదే ఎక్కువ. కుట్టుమిషను చప్పుడులో నాకు శ్లోకాలు కలిసిపోయేవి. తాత్పర్యం మాత్రం స్పష్టంగా వినబడేది. ఒక వాక్యం చెప్పి, అది చెవిలో దిగిందో లేదో చూసుకుని, తరువాతి వాక్యానికి వెళుతున్నట్టు ఉంటుంది ఆ చెప్పే తీరు. తొందర లేదు, ఉపన్యాసపు బిగువూ లేదు. రవిక చేయి కుట్టడం ఆపకుండా వినగలిగిన తెలుగు అది.

అమ్మాయి 2008లో పుట్టింది. ఒడియా బడిలో వేశాం, ఇక్కడి చాలా తెలుగిళ్లలో జరిగేది అదే. ఇంట్లో తెలుగు గలగలా మాట్లాడుతుంది, అక్షరం రాదు. పలక పెట్టి కూర్చోబెట్టాను. ఒడియా అక్షరాలు నెత్తిన గొడుగు పట్టుకుని బుద్ధిగా నిలబడతాయట, మన అక్షరాలు జిలేబీల్లా ఎటు మొదలై ఎటు పోతాయో తెలియదట. వారంలో పలక అటక మీదికి చేరింది.

తొమ్మిదో ఏట వేసవి సెలవుల్లో, ఎవరూ చెప్పకుండానే, ఒక నోటు పుస్తకం తెచ్చుకుని టేప్ రికార్డర్ ముందు కూర్చుంది. తాత్పర్యం ఒక వాక్యం వినడం, ఆపడం, ఒడియా లిపిలో రాసుకోవడం. బామ్మకు కళ్లు కనబడవు కాబట్టి ఆవిడకు చదివి వినిపిస్తానని ఒక సాకు. అసలు కారణం మీటలు నొక్కడం మీద మోజని నా అనుమానం. మా టేప్ రికార్డర్‌లో మొదట అరిగిపోయింది ఆ ఆపే మీటే.

రాయడం మొదలుపెట్టాక దానికి చిక్కులు ఎదురయ్యాయి. ఒడియాలో ఎకారానికి ఒకటే అక్షరం, పొట్టి పొడుగు తేడా లేదు. ఒకారం సంగతీ అంతే. కొడుకులో 'కొ', కోడలులో 'కో' ఆ లిపికి ఒకటే. అందుకని పొట్టి శబ్దం వచ్చిన ప్రతిచోటా అక్షరం నెత్తిన ఎర్ర చుక్క పెట్టుకుంది. మూడు సకారాలూ వాళ్ల బడిలో రాస్తారు, పలికేటప్పుడు మాత్రం ఒక్క 'స'యే. ఆయన 'శోకము' అన్నప్పుడూ 'విషయము' అన్నప్పుడూ నాలుక ఎక్కడ తగులుతోందో పట్టుకోవడానికి టేపును నాలుగేసి సార్లు వెనక్కి తిప్పేది. పుట్టినప్పటి నుంచీ తెలుగు మాట్లాడుతున్న నేను అప్పటిదాకా ఆ తేడాను చెవిన వేసుకోలేదు.

2018 అక్టోబరు 11 తెల్లవారుజామున తిత్లీ తుఫాను పలాస దగ్గర తీరం దాటింది. మా గజపతి జిల్లా ఎంత దెబ్బతిన్నదో ఇక్కడివాళ్లకు చెప్పనక్కరలేదు. మావుసీ వాళ్ల ఇంటి రేకులు ఎగిరిపోతే ఆవిడా, ఇద్దరు మనవలూ మా ముందుగదిలోకి వచ్చేశారు. కరెంటు లేదు, టేపుకు వేసే బ్యాటరీలు బజారులో దొరకలేదు. మూడో రోజు రాత్రి అత్తగారు గొణగడం మొదలుపెట్టారు. అన్నం లేకపోయినా ఉండగలను కానీ ఆ గొంతు లేకుండా నిద్ర పట్టడం లేదని.

అమ్మాయి నోటు పుస్తకం తెచ్చి, కిరసనాయిల్ దీపం ముందు పెట్టుకుని చదవడం మొదలుపెట్టింది. శ్లోకాలు తనకు రావు కాబట్టి తాత్పర్యాలు మాత్రమే. ఆయన ఆగిన చోటల్లా ఆగింది, గొంతు దించిన చోటల్లా దించింది. మా టేపు ఒకచోట కొద్దిగా సాగుతుంది. ఆ చోటు వచ్చేసరికి తనూ ఆ మాటను సాగదీసి చదివింది! అది టేపు జబ్బని దానికి తెలియదు, చెప్పే పద్ధతే అంత అనుకుంది. అత్తగారు చీకట్లో నవ్వి, "అచ్చం అలాగే ఉంది, కానీయ్" అన్నారు.

మావుసీ ఊరుకోలేక పుస్తకం అందుకున్నారు. అక్షరాలు తనవి, భాష తనది కాదు. అయినా గట్టిగా చదువుతూ పోయి ఒకచోట ఆగి, "ఇది తప్పు రాశావు" అన్నారు. "ఈ అక్షరంతో మన మాట ఏదీ మొదలవదు. ఇక్కడ 'జ' రాయాలి. జోగ." అమ్మాయి అలాగే చూస్తూ ఉండిపోయింది. ఏడాదికి పైగా 'కర్మయోగము', 'భక్తియోగము' అంటూ పేజీల కొద్దీ రాసింది, చెవికి 'య' వినబడింది కాబట్టి 'య' రాసింది. అది తన బడి పుస్తకంలో ఉన్న 'జోగ' అని ఒక్కసారీ తోచలేదట. "అమ్మా, యోగము అంటే మన జోగయేనా?" అని నన్నడిగింది, నేనేదో దాచిపెట్టినట్టు.

ఆ రాత్రి నిద్ర లేదు. ఇద్దరూ దీపం దగ్గర కూర్చుని పుస్తకమంతా వెతికారు. యుద్ధము జుద్ధ అయింది, మోక్షము మొఖ్య అయింది, విషయము బిసయ అయింది. ఒక్కొక్కటి దొరికినప్పుడల్లా మావుసీ చప్పట్లు కొట్టారు. ఇంటికి పైకప్పు లేదన్న సంగతి ఆ రెండు గంటలూ ఆవిడకు గుర్తున్నట్టు లేదు. "ఇందులో సగం నాకు తెలిసిన మాటలే. ముందే చెప్పి ఉంటే ఇన్నేళ్లు నేనూ వినేదాన్ని కదా" అని చివరికి మా మీదే కేకలేశారు.

ఇంత చెప్పానని, పిల్లలకు తెలుగు నేర్పే రికార్డు అనుకుని కొనేయకండి. అంత మాట నేననలేను. అందులోది పుస్తకాల తెలుగు. తరువాతి సంక్రాంతికి పాతపట్నం వెళితే, మా అమ్మాయి మా అమ్మ ఎదుట నిలబడి "అమ్మమ్మా, నీవు భుజించితివా?" అంది. ఇల్లంతా గొల్లుమంది. అది ఏడుస్తూ పెరట్లోకి పోయింది. వాడుక భాష కోసం పోరాడిన గిడుగు రామమూర్తిగారు పాఠాలు చెప్పిన ఊరు మాది. 1936లో ఈ ఊరు ఒరిస్సా రాష్ట్రంలో కలిసినప్పుడు ఆయన ఇల్లు వదిలి రాజమహేంద్రవరం వెళ్లిపోయారు. ఆ ఊళ్లో నా కూతురు 'భుజించితివా' అంటూ తిరుగుతోందంటే ఆయన నన్నేమనేవారో! పైగా తెలుగు అక్షరాలు దానికి ఈనాటికీ సరిగా రావు. పాతపట్నం బస్టాండులో బోర్డులు కూడబలుక్కుని చదువుతుంది, బస్సు వెళ్లిపోయాక ఊరి పేరు చెబుతుంది.

తొందర లేదని పైన రాశాను, అది తాత్పర్యానికే వర్తిస్తుంది. శ్లోకాలు పిల్లల చెవికి వేగమే, అందుకే ఆ పుస్తకంలో ఒక్క శ్లోకమూ లేదు. ఇంకొకటి, గీతలోని ఏడు వందల శ్లోకాల్లో ఇందులో ఉన్నవి వంద పైచిలుకు. ఇదే మొత్తం గీత అని అమ్మాయి చాలాకాలం నమ్మింది. నిజం చెప్పాలంటే నేనూ నమ్మాను.

2022లో అత్తగారు పోయారు. ఆవిడను తీసుకెళ్లడానికి తెచ్చిన బండి మీద మైకు గొట్టం పెట్టి ఇదే వేశారు. ఈసారి ఎవరూ పొరబడలేదు. బండి వీధి మలుపు తిరిగే లోపల అమ్మాయి నా చెయ్యి గుంజి, "అమ్మా, అర్థం చెప్పడం లేదు" అంది. అప్పుడు విన్నాను. శ్లోకం తరువాత శ్లోకం, మళ్లీ శ్లోకం. తాత్పర్యాలన్నీ ఎవరో కత్తిరించేశారు. ఆ తరువాత ఏడాది దాకా నేను దీన్ని పెట్టలేదు. పరామర్శకు వచ్చే తాతగారి మీద నాకున్న కోపం కూడా అప్పుడే చల్లారింది.

మళ్లీ పెట్టింది అమ్మాయే, తన ఫోనులో, తాత్పర్యాలు ఉన్న పాత రికార్డు వెతికి. క్యాసెట్ అప్పటికే బూజు పట్టింది. ఇంట్లో మంచం పట్టిన పెద్దవాళ్లుంటే దీన్ని చెవిలో పెట్టుకునే ఇయర్‌ఫోన్లతో వినమనే చెబుతాను. మాలాగా రెండు భాషల మధ్య పెరిగే పిల్లలున్న ఇంట్లో అయితే తాత్పర్యం ఉన్నదే పెట్టండి. అందరూ తెలుగు చదువుకున్న ఇంట్లో ఇది ఇంత పని చేస్తుందో లేదో నా అనుభవంలో లేదు.

కొనేవాళ్లు మాత్రం దుకాణంలోనే మొదటి ఐదు నిమిషాలు వినండి. మిషను దగ్గర వినడానికని నేను మొన్న ఒక పెన్‌డ్రైవ్ కొన్నాను. ఇంటికి వచ్చి పెడితే అందులోనూ శ్లోకాలే. తిరిగి పట్టుకెళ్లాను. కుర్రవాడు విసుక్కోలేదు, ఆశ్చర్యపోయాడు. "అర్థం ఎవరు వింటారండీ? అందరూ ఆ రోజు కోసమే కదా కొంటారు" అన్నాడు. డబ్బు మాత్రం తిరిగి ఇచ్చాడు.